పిల్లల పుప్పిపళ్ళ ప్రశ్నావళిని తమిళంలోకి తేవడం ఎలా: అనుమతి అడగడం నుంచి ప్రూఫ్ దిద్దడం దాకా

పుప్పిపన్నులో గుంట ఎంత లోతుందో అద్దం పెట్టి చూస్తే డాక్టర్‌కి తెలుస్తుంది. ఆ పన్ను వల్ల పిల్లాడు రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాడా, ఒక వైపే నములుతున్నాడా, హోంవర్క్ దగ్గర మనసు పెట్టలేకపోతున్నాడా అన్నది తెలియాలంటే వాడినే అడగాలి. అలా అడగడానికి పద్ధతిగా తయారు చేసినవే జీవన నాణ్యత ప్రశ్నావళులు. వీటిలో పేరున్నవి చాలావరకు ఇంగ్లిష్‌లో పుట్టాయి. తమిళనాడులో పీడో (పిల్లల దంతవైద్యం), పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ చదివే పీజీలు థీసిస్ కోసం వీటిని తమిళంలోకి తెచ్చుకోవాల్సి వస్తుంది. ఆ పీజీల్లో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం. ఇదే పనిని తెలుగులో చేయాలనుకునేవాళ్లకు కూడా పద్ధతి మారదు.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి రెండు లెక్కలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నోటి ఆరోగ్య నివేదిక ప్రకారం పాలపళ్ళు పుచ్చిన పిల్లలు ప్రపంచంలో సుమారు 51.4 కోట్ల మంది. మన దేశంలో 2002–03లో జరిగిన జాతీయ సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో 51.9 శాతం మందికి, పన్నెండేళ్లవాళ్లలో 53.8 శాతం మందికి పుప్పిపళ్ళు కనిపించాయి. ఇంతమందికి ఉన్న బాధను వాళ్ల మాటల్లో కొలిచే సాధనం వాళ్ల భాషలో ఉండాలి కదా.

ఉదాహరణగా కేరీస్-క్యూసీ అనే ప్రశ్నావళిని తీసుకుంటున్నాను. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని తయారు చేసి 2018లో ప్రచురించింది. 5 నుంచి 16 ఏళ్ల పిల్లలు స్వయంగా జవాబు చెప్పేది. మొదట పిల్లలతో మాట్లాడి, వాళ్లు చెప్పిన ఇబ్బందుల నుంచే ప్రశ్నలు రాశారు. పరీక్షల తర్వాత 12 ప్రశ్నలు మిగిలాయి. వాటికి తోడు "మొత్తం మీద నీ పళ్ళు నీకు ఎంత ఇబ్బంది?" అనే అర్థంలో ఒక ప్రశ్న ఉంటుంది. ప్రతిదానికీ మూడే జవాబులు: అస్సలు లేదు, కొంచెం, చాలా.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి థీసిస్‌లలో అనువాదం హడావిడిగా ముగించి, మిగతా కాలమంతా స్టాటిస్టిక్స్ మీద పెట్టడం మామూలైపోయింది. నా దృష్టిలో ఇది తలకిందుల పని. పిల్లలతో కూర్చుని ఒక్కో ప్రశ్న వాళ్లకి ఎలా అర్థమైందో వినే దశే ఈ పని మొత్తానికి ప్రాణం. అక్కడ తప్పిన ప్రశ్నను ఏ సాఫ్ట్‌వేరూ నిలబెట్టలేదు.

మొదటి అడుగు: మీకు కావలసింది ఈ ప్రశ్నావళేనా?

అయిదేళ్ల లోపు పిల్లల గురించైతే ఇకోహిస్ ఉంది. 2007లో వచ్చింది, 13 ప్రశ్నలు, జవాబు చెప్పేది తల్లిదండ్రులు. అందులో 9 పిల్లల ఇబ్బందుల గురించి, 4 కుటుంబం మీద పడే భారం గురించి. పెద్ద పిల్లలకు సీపీక్యూ ఉంది. 8–10 ఏళ్లకు ఒక రూపం, 11–14 ఏళ్లకు ఇంకొకటి. అయితే అది నోటి సమస్యలన్నిటినీ కలిపి అడుగుతుంది, పుప్పిపన్నును మాత్రమే కాదు. సాధారణ ప్రశ్నావళిలో ఎత్తుపళ్ళ గురించిన బాధ, పుప్పిపన్ను బాధ ఒకే మొత్తంలో కలిసిపోతాయి. చికిత్సకు ముందు, తర్వాత తేడా చూడాలనుకుంటే జబ్బుకు ప్రత్యేకమైనదే మంచిది. కేరీస్-క్యూసీకి ఉన్న బలం అదే.

ఆ తర్వాత, ఎవరైనా ఇప్పటికే తమిళంలోకి తెచ్చారేమో వెతకండి. వైద్య పరిశోధన పత్రాలు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో చూసి ఆపేయకండి. విశ్వవిద్యాలయాల థీసిస్ భాండాగారాలు, మన దేశపు థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ సైట్ కూడా చూడండి. మూల రచయితలకు ఈమెయిల్ రాస్తే ఏ భాషల్లో పని జరుగుతోందో వాళ్లే చెప్తారు. ఒకే ప్రశ్నావళికి రెండు తమిళ రూపాలు తయారైతే రెండు ఊళ్ల ఫలితాలను పోల్చే అవకాశం పోతుంది. ముందే ఒకటి ఉంటే దాన్ని వాడి చూసి, లోపం ఉంటే ఆ బృందంతో కలిసి సరిచేయడమే న్యాయం.

రెండో అడుగు: అనుమతులు

రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క వాక్యం కూడా అనువదించకండి. పత్రికలో ప్రశ్నలు అచ్చయ్యాయి కదా, ఎవరైనా వాడుకోవచ్చు అనుకోవడం పొరపాటు. అనుమతి అడిగే ఈమెయిల్‌లోనే మూడు సంగతులు తేల్చుకోండి: పూర్తయిన తమిళ రూపం హక్కు ఎవరిది, బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌ను (తమిళం నుంచి తిరిగి ఇంగ్లిష్‌లోకి చేసే అనువాదాన్ని) వాళ్లు చూసి వ్యాఖ్యానిస్తారా, స్కోరు లెక్కించే పద్ధతి, పట్టిక ఇస్తారా.

ఎథిక్స్ కమిటీకి వెళ్లేటప్పుడు భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దగ్గర పెట్టుకోండి. తల్లిదండ్రుల సమ్మతి ఎటూ తప్పదు. దానితో పాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, 12 దాటినవాళ్ల నుంచి రాతపూర్వకంగా వాళ్ల అంగీకారం తీసుకోవాలి. అయిదారేళ్లవాళ్లకు కూడా రెండు మాటల్లో చెప్పి, "సరే" అన్నాకే మొదలుపెట్టండి. వద్దన్న పిల్లాడిని అమ్మ బలవంతంతో కూర్చోబెడితే వచ్చే జవాబులు ఎందుకూ పనికిరావు. ప్రొటోకాల్‌లో ఇంకో వాక్యం ఉండాలి: పరీక్షలో చీము, వాపు, నిద్ర చెడగొట్టే నొప్పి కనిపించిన పిల్లలకు వెంటనే ఎక్కడ, ఎవరు చికిత్స చేస్తారు అని. ప్రశ్నలు అడిగి వదిలేసే హక్కు మనకు లేదు.

మూడో అడుగు: ప్రశ్న వెనక ఉద్దేశం రాసిపెట్టడం

చాలామంది వదిలేసే అడుగు ఇది. అనువాదకులకు ప్రశ్నలు ఇచ్చే ముందు ఒక్కో ప్రశ్న ఏం కొలుస్తుందో, ఏం కొలవదో రెండు మూడు వాక్యాల్లో రాయండి. సందేహం వస్తే మూల రచయితలను అడగండి.

కేరీస్-క్యూసీలో "జాగ్రత్తగా తినాల్సి వస్తోందా", "నెమ్మదిగా తినాల్సి వస్తోందా" అనే అర్థంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. పెద్దలకు రెండూ ఒకటే అనిపిస్తుంది. పిల్లాడికి కావు. నొప్పి ఉన్న పన్నుకు తగలకుండా చూసుకుని గబగబా తినేసేవాడు ఉంటాడు, ఏ జాగ్రత్తా లేకుండా మెల్లగా తినేవాడూ ఉంటాడు. అలాగే విసుగు గురించి ఒక ప్రశ్న, కోపం గురించి ఇంకో ప్రశ్న ఉన్నాయి. ఈ తేడాలు అనువాదకుడికి ముందే చెప్పకపోతే రెండు ప్రశ్నలూ తమిళంలో ఒకటైపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది "నీ పళ్ళ వల్ల" అనే మాట. ప్రశ్నలు దాదాపు అన్నీ దీని మీదే నడుస్తాయి. తమిళంలో ఇది కాస్త పొడిగా వినిపిస్తుంది కాబట్టి అనువాదకుడి చెయ్యి సహజంగానే "పల్ వలియాల్", అంటే పంటి నొప్పి వల్ల, అని రాసేస్తుంది. వాక్యం చక్కగా ఉంటుంది, కానీ ప్రశ్న మారిపోతుంది. నొప్పి లేకుండా తిండి ఇరుక్కునే గుంటతో ఇబ్బంది పడే పిల్లాడు ఇక ప్రతిదానికీ "లేదు" అంటాడు. ఈ ఒక్క మాట మీద ముందే గట్టి సూచన ఇవ్వండి.

నాలుగో అడుగు: ఇద్దరు అనువాదకులు, ఒక్కొక్కరు విడిగా

బీటన్, ఆమె సహచరులు 2000లో ఇచ్చిన పద్ధతి, 2005లో ఇస్పోర్ (ఆరోగ్య ఫలితాల పరిశోధకుల అంతర్జాతీయ సంఘం) బృందం ఇచ్చిన పద్ధతి, రెండూ ఇక్కడ ఏకీభవిస్తాయి. తమిళం మాతృభాషగా ఉన్న ఇద్దరు, ఒకరి పని ఒకరు చూడకుండా, ఇంగ్లిష్ నుంచి తమిళంలోకి అనువదించాలి. బీటన్ పద్ధతి ప్రకారం ఒకరికి దంతవైద్యం తెలియాలి, ఇంకొకరికి తెలియకూడదు. ఆ రెండో వ్యక్తి ప్రాథమిక పాఠశాలలో తమిళం చెప్పే టీచర్ అయితే ఎంతో మేలు. ఏ మాట ఏ తరగతి పిల్లాడికి తెలుసో ఆ టీచర్‌కి తెలిసినట్టు ప్రొఫెసర్‌కి తెలియదు.

తెలుగు మాతృభాషగా ఉన్న పీజీలకు ఒక సూచన. ఓపీలో పేషెంట్లతో మాట్లాడేంత తమిళం వచ్చింది కదా అని అనువాదకుడి స్థానంలో మీరు కూర్చోకండి. మీ పని సమన్వయం చేయడం, ప్రతి నిర్ణయాన్ని రాసిపెట్టడం.

ఏ తమిళంలో రాయాలి అన్నది ఇక్కడే తేలాలి. తెలుగులోనూ రాసే భాషకీ మాట్లాడే భాషకీ తేడా ఉంది, కానీ తమిళంలో ఆ దూరం చాలా ఎక్కువ. పళ్ళు అనడానికి రాతలో "పర్కళ్" అంటారు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు, "పల్లు" అంటారు. "చాలా" అనడానికి రాతలో "మిగవుమ్", నోట్లో "రొంబ". పుస్తకంలోని తమిళంలో రాస్తే ఆరేళ్ల పిల్లాడు తడబడతాడు. మాట్లాడే తమిళంలో రాస్తే చెన్నై మాట మదురైలో, తిరునెల్వేలి మాట కోయంబత్తూరులో కొత్తగా అనిపిస్తుంది. పైగా అచ్చులో ఆ రూపాలు చదవడం పిల్లలకు అలవాటు ఉండదు.

నేను చెప్పేది ఇది. రాతకీ నోటికీ రెండిటికీ సరిపోయే మాటలు ఏరుకుని, చిన్న వాక్యాలతో సరళమైన రాత తమిళంలో ప్రశ్నావళి తయారు చేయండి. "పల్" (పన్ను), "వలి" (నొప్పి), "తూక్కమ్" (నిద్ర), "కొంజమ్" (కొంచెం) వంటి మాటలు అన్ని చోట్లా చెల్లుతాయి. దానితో పాటు, చదవలేని పిల్లలకు వినిపించడానికి అవే ప్రశ్నలను మాట్లాడే రూపంలో ఒక కార్డు మీద అచ్చు వేయండి. ఆ కార్డు లేకపోతే ప్రశ్న అడిగే ప్రతి మనిషీ అప్పటికప్పుడు తన ఊరి తమిళంలోకి మార్చి చదువుతాడు. అప్పుడు మీ దగ్గర ఉన్నది ఒక ప్రశ్నావళి కాదు, ఎంతమంది అడిగితే అన్ని. కార్డును కూడా మిగతా దశలన్నిటి గుండా నడిపించాలి. ఇంగ్లిష్ మీడియంలో చదువుతూ ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లల్లో చాలామందికి తమిళం చదవడం నెమ్మది కాబట్టి, ఈ కార్డు అవసరం అయిదేళ్లవాళ్లతో ఆగదు.

పిల్లాడిని "నీ" అనాలా, "నీంగళ్" అనాలా అన్నదీ ఇప్పుడే తేల్చండి. "నీ" దగ్గరితనం, "నీంగళ్" మర్యాద. కొంగు ప్రాంతంలో పిల్లలతో కూడా మర్యాదగా "వాంగ" (రండి) అనడం ఉంది. 15 ఏళ్లవాడికి ముక్కూ మొహం తెలియని డాక్టర్ "నీ" అంటే ఎలా ఉంటుందో ఆ వయసు పిల్లలనే అడిగి నిర్ణయించండి. ఏది ఎంచుకున్నా మొదటి ప్రశ్న నుంచి చివరి దాకా ఒకటే ఉండాలి.

అయిదో అడుగు: రెండిటినీ ఒకటి చేయడం

ఇద్దరు అనువాదకులూ, మీరూ, వీలైతే మూడో తమిళ వ్యక్తీ కూర్చుని ప్రశ్న తర్వాత ప్రశ్న కలిపి చూడండి. ఇద్దరూ ఒకే మాట రాసిన చోట కూడా ఆగండి, ఇద్దరికీ ఒకే గుంటలో కాలు పడి ఉండవచ్చు. తమిళంలో అలాంటి చోట్లు నాకు తెలిసినవి కొన్ని చెప్తాను.

"ఎరిచ్చల్" అంటే విసుగు, చిరాకు. అదే మాటకు మంట అనే అర్థమూ ఉంది. కడుపులో మంటకూ, పుండు మీద మంటకూ అదే వాడతారు. పళ్ళ వల్ల నీకు ఎరిచ్చల్‌గా ఉందా అని అడిగితే, పన్ను మండుతోందా అని పిల్లాడు అనుకోవడానికి పూర్తి అవకాశం ఉంది. మనసుకు సంబంధించిన ప్రశ్న ఒంటికి సంబంధించిన ప్రశ్నగా మారిపోతుంది.

"కూచ్చమ్" ఇంకా చిక్కుది. సిగ్గు, బిడియం అని దీని అర్థం. చల్లనిది తగిలితే పన్ను జివ్వుమనడానికి కూడా తమిళంలో "పల్ కూచ్చమ్" అనే అంటారు. కేరీస్-క్యూసీ పన్నెండు ప్రశ్నల్లో సిగ్గు గురించి లేదు కాబట్టి ఇక్కడ బతికిపోతాం. సీపీక్యూ లాంటివి తీసుకున్నవాళ్లు మాత్రం ఈ మాటను సిగ్గు అనే అర్థంలో వాడకూడదు.

తిండికి "సాప్పాడు" అని రాస్తే కొందరు పిల్లలకు అన్నం, భోజనమే గుర్తొస్తుంది. ఇరుక్కునేవి ఎక్కువగా ముఱుక్కు, కడలై మిఠాయి (వేరుశనగ చిక్కీ) లాంటివి. వాటి మాట వాడికి తోచదు. "ఉణవు" అనేది రాతలో సరైన మాటే గానీ చిన్నవాళ్ల నోట్లో లేదు. "సాప్పిడుమ్‌బోదు", అంటే తినేటప్పుడు, అని క్రియతో నడిపిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

పుప్పిపన్నుకు "సొత్తై పల్" అనీ, "పూచ్చి పల్" అనీ రెండు మాటలు ఉన్నాయి. పూచ్చి అంటే పురుగు. రెండూ జనం మాటలే. అయితే మూలంలో ప్రశ్నలు పుప్పిపన్ను పేరు ఎత్తకుండా "నీ పళ్ళు" అనే అంటాయి. అదే మంచిది, ఎందుకంటే తనకు పుప్పిపన్ను ఉందని చాలామంది పిల్లలకు తెలియదు. తమిళంలో ఆ పేరు జోడించకండి.

ఏ మాట ఎందుకు ఎంచుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో ఆ రోజే రాయండి. తర్వాత రాద్దాం అంటే గుర్తుండదు.

ఆరో అడుగు: బ్యాక్ ట్రాన్స్‌లేషన్

ఇంగ్లిష్ మూలం ఎప్పుడూ చూడని ఇద్దరు, కలిపిన తమిళ రూపాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తారు. దాన్ని మూలంతో పోల్చి, మూల రచయితలకు పంపండి. అర్థం జారిన చోట్లు ఇక్కడ బయటపడతాయి. "పల్ వలియాల్" వంటివి వెంటనే దొరికిపోతాయి.

కానీ ఈ దశ మీద అతిగా నమ్మకం పెట్టుకోకండి. మాటకు మాట పెట్టిన మొద్దు అనువాదం తిరిగి ఇంగ్లిష్‌లోకి అచ్చు మూలంలాగే వస్తుంది. "ఎరిచ్చల్" దర్జాగా విసుగు అయి తిరిగొస్తుంది, ఎందుకంటే తిరిగి అనువదించేవాడికి ఇది భావాల గురించిన ప్రశ్న అని సందర్భం చెప్పేస్తుంది. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ బాగుంది కాబట్టి తమిళం బాగుంది అని థీసిస్‌లో రాయడం సరికాదు.

ఏడో అడుగు: నిపుణుల కమిటీ

పీడో, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ, తమిళ భాష, పిల్లల మనస్తత్వం, పరిశోధన పద్ధతులు తెలిసినవాళ్లు, అనువాదకులు, ఒక తల్లి లేదా తండ్రి. ప్రతి ప్రశ్న ఎంత సందర్భోచితంగా ఉందో 1 నుంచి 4 దాకా మార్కులు వేయించి, 3 లేదా 4 ఇచ్చినవాళ్ల వాటా లెక్కకడితే అది కంటెంట్ వాలిడిటీ సూచీ. నిపుణులు ఆరుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే 0.78 చాలు. అయిదుగురు, అంతకంటే తక్కువైతే అందరూ ఒప్పుకోవాలి. అంకె వచ్చింది కదా అని వ్యాఖ్యలు పక్కన పెట్టకండి. ఒక్కరే అభ్యంతరం చెప్పినా, ఆ ఒక్కరు తమిళం టీచర్ అయితే ఆగి వినండి.

ఎనిమిదో అడుగు: పిల్లలతో కూర్చోవడం

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఇస్పోర్ పద్ధతి 5 నుంచి 8 మందితో సరిపెట్టుకోవచ్చంటుంది. బీటన్ పద్ధతిలో చివరి ముసాయిదాను 30–40 మంది మీద పరీక్షిస్తారు. 5 నుంచి 16 ఏళ్లంటే చాలా పెద్ద తేడా కాబట్టి, కొద్దిమంది చొప్పున విడతలుగా చేయండి. ఒక విడత అయ్యాక మార్పులు చేసి, మార్చిన రూపాన్ని కొత్త పిల్లలకు చూపించండి. కొత్త సమస్య రాని విడత వచ్చేదాకా ఆపకండి.

ఎవరిని పిలవాలి? 5–7, 8–11, 12–16 ఏళ్ల గుంపులు మూడూ ఉండాలి. ఆడపిల్లలు, మగపిల్లలు. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి. చెన్నై వాళ్లే కాకుండా కనీసం ఇంకో ప్రాంతం వాళ్లు. నొప్పి ఉన్నవాళ్లు, నొప్పి లేకుండా గుంట ఉన్నవాళ్లు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో తప్పకుండా అడిగి రాసుకోండి. హోసూరు, కృష్ణగిరి వైపు ఇళ్లలో తెలుగు, మదురైలో కొన్ని ఇళ్లలో సౌరాష్ట్రం మాట్లాడుతూ బడిలో తమిళం చదివే పిల్లలు ఉంటారు. వాళ్లను తీసేయాల్సిన పని లేదు, వాళ్లూ ఈ ప్రశ్నావళి వాడబోయేవాళ్లే. కానీ ఒక మాట అర్థం కాలేదంటే కారణం వాక్యమా, ఇంటి భాషా అన్నది తెలియాలి.

గది విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. డెంటల్ కుర్చీలో కూర్చోబెట్టి అడగకండి. తెల్లకోటు తీసేయండి. డ్రిల్లు శబ్దం వినిపించని చోటు చూడండి. చిన్నవాళ్లకు అమ్మ కనిపించాలి, కానీ అమ్మ మొహం చూసి జవాబు చెప్పేలా ఉండకూడదు. అమ్మను కాస్త వెనక కూర్చోమని, మధ్యలో జవాబు అందించవద్దని ముందే నవ్వుతూ చెప్పండి. ఇది పరీక్ష కాదు, తప్పు జవాబు లేదు అని పిల్లాడికి చెప్పండి. లేకపోతే "రోజూ బ్రష్ చేస్తున్నావా" అనే మందలింపు వస్తుందేమోనని భయపడి అన్నిటికీ "ఇల్లై" (లేదు) అనేస్తాడు.

జవాబుల మెట్లు (అస్సలు లేదు, కొంచెం, చాలా) ముందు పళ్ళతో సంబంధం లేని దానితో నేర్పండి. "నీకు ఇడ్లీ ఇష్టమా? ఇల్లవే ఇల్లైయా, కొంజమా, రొంబవా?" అని అడిగి, మూడు జవాబులకూ గీసిన బొమ్మల్లో ఒకదాన్ని చూపుడువేలుతో చూపించమనండి. తర్వాత కాకరకాయ గురించి అడగండి. రెండిటికీ ఒకే జవాబు చెప్పే అయిదేళ్ల పిల్లాడికి మెట్లు ఇంకా అర్థం కాలేదన్నమాట. అలాంటివాళ్లతో ముందుకు వెళ్లకుండా మళ్లీ నేర్పండి, అప్పటికీ రాకపోతే ఆ సంగతి రాసుకోండి. ఎంతమంది అలా ఉన్నారన్నది కూడా ఫలితమే.

ఆ తర్వాత ఒక్కో ప్రశ్న చదివి, జవాబు చెప్పాక ఇలా అడగండి: "ఇది వినగానే నీకేం గుర్తొచ్చింది?", "మీ తమ్ముడికి ఇదే ప్రశ్న అడగాలంటే నువ్వు ఎలా అడుగుతావు?", "కొంచెం అన్నావు కదా, చాలా అనాలంటే ఎలా ఉండాలి?" రెండోది అన్నిటికంటే విలువైనది. పిల్లాడు తన తమ్ముడికి చెప్పే వాక్యం తరచుగా కమిటీ రాసిన వాక్యం కంటే బాగుంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు రాసుకోండి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. ఏ పిల్లాడైనా అర్థమైందనే అంటాడు.

ఒంటికి సంబంధించిన మాటల దగ్గర చూపించమనండి. "ఎక్కడ?" అంటే వేలు బుగ్గ మీదికి వెళ్తుందా, పన్ను మీదికి వెళ్తుందా, కడుపు మీదికి వెళ్తుందా చూస్తే ఆ మాట వాడికి ఏ అర్థంలో అందిందో తెలిసిపోతుంది. ఒక వైపే నమిలే ప్రశ్నకు నమిలి చూపించమంటే చిన్నవాళ్లు సరదాగా చేస్తారు. నిద్ర ప్రశ్నకు జవాబు "రొంబ" అయితే, ఎందుకు మెలకువ వచ్చిందని అడగండి. దోమలు, టీవీ, పక్కన తమ్ముడి ఏడుపు... "పళ్ళ వల్ల" అనే ముక్కను వదిలేసి మిగతా ప్రశ్నకు జవాబు చెప్పే పిల్లలు తప్పక తగులుతారు. చాలామంది అలా చేస్తే ఆ ముక్కను వాక్యం మొదటికి తెచ్చి చూడండి. తమిళంలో, తెలుగులోలాగే, వాక్యంలో మాటలు జరపడానికి చాలా వీలుంది.

గడిచిన కాలం గురించి అడిగే ప్రశ్నావళులకు ఇంకో చిక్కు ఉంది. 8–10 ఏళ్ల సీపీక్యూ గడచిన నాలుగు వారాల గురించి అడుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి నాలుగు వారాలు అంటే లెక్క తోచదు. ఏదైనా పండుగో, బడిలో పరీక్షలో ఆ కాలానికి దగ్గరగా ఉంటే గుర్తుగా వాడండి.

అనుమతి ఉంటే సంభాషణ రికార్డు చేసి, ప్రశ్నల వారీగా పట్టిక వేయండి: పిల్లాడు తన మాటల్లో ఏమన్నాడు, సమస్య ఏ రకంది, ఏం మార్చాం. సమస్యలు సాధారణంగా నాలుగు రకాలు. మాట తెలియకపోవడం, మాట తెలిసినా అర్థం వేరుగా అందడం, ప్రశ్న తన బతుకుకి సరిపోకపోవడం, జవాబు మెట్టు ఎంచుకోలేకపోవడం. మొదటి రెండిటికీ మందు భాషలో ఉంది. చివరిదానికి బొమ్మల్లో, నేర్పించే తీరులో ఉంది. మూడోది వస్తే మూల రచయితలతో మాట్లాడాలి, మీ అంతట మీరు ప్రశ్నను మార్చేయకూడదు.

తొమ్మిదో అడుగు: కొలత సరిగ్గా కొలుస్తోందా

ఇక అంకెల భాగం. ఎంతమంది పిల్లలు కావాలన్నది ఏ విశ్లేషణ చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రశ్నలు ఏయే గుంపులుగా కలుస్తాయో చూసే ఫ్యాక్టర్ అనాలసిస్‌కి 12 ప్రశ్నలకు కనీసం 100 మంది, ప్రశ్నలనూ పిల్లలనూ ఒకే కొలతబద్ద మీద పెట్టి చూసే రాష్ విశ్లేషణకు 200 మంది ఉంటే, ఇలాంటి ప్రశ్నావళుల నాణ్యతను అంచనా వేసే కాస్మిన్ ప్రమాణాల్లో మంచి స్థాయి. మూల ప్రశ్నావళిని కూడా షెఫీల్డ్ బృందం 200 మంది పిల్లల మీదే పరీక్షించింది.

ఒక్కో ప్రశ్నకు 0, 1, 2 చొప్పున మొత్తం 0 నుంచి 24 దాకా వస్తుంది. ఎక్కువ వస్తే బాధ ఎక్కువ అని అర్థం. ప్రశ్నల మధ్య పొందికకు క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటాలి. 0.95 దాటితే సంతోషించకండి, ఒకే ప్రశ్నను పలు రకాలుగా అడుగుతున్నారేమో చూడండి.

మళ్లీ అడిగితే అదే జవాబు వస్తుందా అని చూడడం పుప్పిపన్ను విషయంలో కష్టం. మామూలుగా రెండు వారాల విరామం ఇస్తారు. నొప్పితో వచ్చిన పిల్లాడికి రెండు వారాలు చికిత్స ఆపడం అన్యాయం, ఆ ఆలోచనే రాకూడదు. అందుకని దీనికి బడిలో స్క్రీనింగ్‌లో దొరికిన, అత్యవసరం లేని, అపాయింట్‌మెంట్ ఎటూ తర్వాతే ఉన్న పిల్లలను తీసుకోండి. విరామం తగ్గించండి. రెండోసారి "అప్పటికీ ఇప్పటికీ నీ పళ్ళు అలాగే ఉన్నాయా?" అని ముందే అడిగి, మారలేదన్నవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. కనీసం 50 మంది ఉండాలి. రెండుసార్ల జవాబులు ఎంత కలిశాయో చెప్పే ఐసీసీ 0.70 దాటితే సరిపోతుంది.

నిర్మాణ చెల్లుబాటుకు, అంటే కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అని చూడడానికి, మీరు ఏం ఆశిస్తున్నారో డేటా చూడకముందే రాసిపెట్టండి. మొత్తం మీద ఎంత ఇబ్బంది అనే ప్రశ్నతో స్కోరు గట్టిగా కలవాలి. నొప్పి ఉన్నవాళ్ల స్కోరు లేనివాళ్ల కంటే ఎక్కువ ఉండాలి. పల్ప్ (పన్ను లోపలి నరాలుండే మెత్తని భాగం) బయటపడడం, చీము గడ్డ వంటివి లెక్కించే పీయూఎఫ్ఏ సూచీతో సంబంధం, పుచ్చిన, పుచ్చి పోయిన, నింపిన పళ్ళను కలిపి లెక్కించే డీఎంఎఫ్‌టీతో సంబంధం కంటే బలంగా ఉండాలి. డీఎంఎఫ్‌టీతో సంబంధం తక్కువగా వచ్చిందని కంగారు పడే గైడ్‌లు ఉంటారు. నొప్పి లేని చిన్న గుంటలు అయిదు ఉన్న పిల్లాడి కంటే, పల్ప్ దాకా వెళ్లిన దవడపన్ను ఒక్కటి ఉన్న పిల్లాడే ఎక్కువ బాధపడతాడు. ఆ సంబంధం మరీ గట్టిగా ఉంటే ప్రశ్నావళి అవసరమే ఉండదు, పళ్ళు లెక్కపెడితే చాలు.

రాష్ విశ్లేషణ గురించి ఒక హెచ్చరిక. మూల బృందం మామూలు మొత్తాన్ని సమాన దూరాలున్న స్కోరుగా మార్చే పట్టిక తయారు చేసింది. అది ఇంగ్లండ్ పిల్లల జవాబుల మీద ఆధారపడింది. ఏ ప్రశ్నకు "అవును" అనడం తేలిక, దేనికి కష్టం అన్న వరుస తమిళ పిల్లల్లో కూడా అలాగే ఉంటేనే ఆ పట్టిక ఇక్కడ చెల్లుతుంది. తిండి ఇరుక్కోవడం ఎక్కువమందికి, ఏడవడం తక్కువమందికి అన్నది మనం ఊహించే వరుస. ఇక్కడ ఒక ప్రశ్న వరుస తప్పితే ముందు ఎనిమిదో అడుగు నాటి నోట్స్ తీయండి. చాలాసార్లు కారణం అక్కడే రాసి ఉంటుంది. వయసును బట్టి, ఆడ, మగ తేడాను బట్టి ఏదైనా ప్రశ్న వేరుగా పనిచేస్తోందా అన్నదీ చూడాలి. 5–7 ఏళ్లవాళ్లకు చదివి వినిపించి, పెద్దవాళ్లకు కాగితం ఇస్తే ఆ తేడా వయసుదా, పద్ధతిదా తెలియదు. కొందరు పెద్ద పిల్లలకు కూడా వినిపించి చూడండి.

చికిత్స తర్వాత స్కోరు తగ్గుతోందా అన్నది కూడా వీలైతే కలపండి. ఇలాంటి ప్రశ్నావళిని ఆసుపత్రిలో వాడేది అందుకోసమే.

పదో అడుగు: ప్రూఫ్, అప్పగింత

తమిళ అచ్చు తప్పులను మాతృభాష తమిళమైన ఇద్దరు విడివిడిగా చూడాలి. ల, ళ, ఴ శబ్దాల అక్షరాలు, రెండు రకాల ర, న అక్షరాలు తారుమారు అవడం మామూలే. ఒక కంప్యూటర్‌లో బాగున్న ఫాంట్ ఇంకోదాంట్లో చెదిరిపోతుంది కాబట్టి యూనికోడ్‌లో టైప్ చేసి పీడీఎఫ్‌గా మార్చి పంచండి. అక్షరాలు పెద్దవిగా, పేజీకి తక్కువ ప్రశ్నలు ఉంచండి.

అప్పగించే కట్టలో ప్రశ్నావళి, చదివి వినిపించే కార్డు, జవాబుల బొమ్మలు, అడిగేవాళ్లకు సూచనలు, స్కోరు పద్ధతి, నిర్ణయాల రికార్డు ఉండాలి. పైన రూపం సంఖ్య, తేదీ వేయండి. "తమిళం (తమిళనాడు)" అని స్పష్టంగా రాయండి. జాఫ్నాలోనో, సింగపూర్‌లోనో, మలేసియాలోనో ఎవరైనా అడిగితే ఈ కట్ట ఇవ్వండి, కానీ అక్కడి పిల్లలతో ఎనిమిదో అడుగు మళ్లీ చేయమని చెప్పండి. ఒక కాపీ మూల రచయితలకు పంపితే, తర్వాత తమిళ రూపం అడిగిన ప్రతి ఒక్కరికీ వాళ్లు దీన్నే ఇస్తారు.